మళ్లీ నర్సునయ్యే దాకా

జర్మనీ నుంచి సెలవు మీద మా ఊరు ధన్వాడకు వచ్చి మూడు వారాలైంది. సాయంత్రమైతే మా ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. నర్సింగ్ చదివే పిల్లలు, వాళ్ల అమ్మలు, మొన్నయితే చెల్లెలి సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుని మరికల్ నుంచి బండి మీద వచ్చిన అన్నదమ్ములు. అడిగేది మాత్రం ఒకటే. "అక్కా, జర్మనీకి ఎట్ల పోవాలె? ఎన్ని పైసలయితయి?" దారి చెప్తాను, ఖర్చు చెప్తాను, చాయ్ తాగి పోతారు. అక్కడ దిగినంక ఏమైందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగినా ఒక చాయ్‌తో అయ్యే ముచ్చట కాదు. అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లో వలస కొత్తేమీ కాదు. తాత శ్రీశైలం డ్యామ్ పనికి పోయాడు. నాయిన నా చిన్నప్పుడు ఏడాదిలో ఎనిమిది నెలలు భివండీలోనో పుణెలోనో కాంక్రీట్ పనిలో ఉండేవాడు. పంట కోతలు కాగానే బొంబాయి బస్సెక్కేవాళ్లు, మిరుగు కార్తె నాటికి దిగేవాళ్లు. ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉండేదని మా ఊళ్లో పెద్దవాళ్లు చెప్తుంటే అది గొప్పకు చెప్తున్నారో బాధకు చెప్తున్నారో తెలిసేది కాదు. ఆ వలసలో మేస్త్రీ ముందే ఇంటికొచ్చి అడ్వాన్స్ ఇచ్చేవాడు. అది తీరేదాకా మనిషి మేస్త్రీ మనిషే. నా వంతు వచ్చేసరికి లెక్క తిరగబడింది. అడ్వాన్స్ నేనే ఇచ్చాను.

అది 2021. బీఎస్సీ నర్సింగ్ అయిపోయి హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో చేరి మూడేళ్లు. కరోనా రెండు వేవ్‌లూ ఐసీయూలోనే గడిచాయి. జీతం 18,000. హాస్టల్, తిండి పోగా ఇంటికి 8,000 పంపగలిగితే ఆ నెల గొప్ప. తోటి సిస్టర్ చెప్తే ఒక కన్సల్టెన్సీకి పోయాను. ఏసీ గది, గోడ మీద జర్మనీ జెండా, టై కట్టుకున్న మనిషి. ప్రాసెసింగ్ ఫీజు కింద 60,000 తీసుకున్నారు, వీసా వచ్చాక ఇంకో నాలుగు లక్షలన్నారు. ఆ 60,000 నాయిన మిత్తికి తెచ్చి ఇచ్చాడు. ఐదో నెలలో ఆ ఆఫీసుకు తాళం పడింది. టై కట్టుకున్న మనిషి ఫోన్ ఇప్పటికీ స్విచాఫే.

అప్పు నెత్తి మీద పడ్డాక గానీ చదవాల్సినవి చదవలేదు నేను. విదేశాల్లో పనికి మనుషులను పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ జాబితా ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు పైన ఒక్క రూపాయి తీసుకోకూడదు. మన రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది. నర్సుల దగ్గర పైసా తీసుకోకుండా ఖర్చు ఆస్పత్రే పెట్టుకునే ఏజెన్సీలకు జర్మనీ ప్రభుత్వం 2022 నుంచి ఒక ముద్ర ఇస్తోంది. రెండోసారి నేను పోయింది అలాంటి దారిలోనే. టికెట్టు, పరీక్ష ఫీజులు ఆస్పత్రి కట్టింది. మరికల్ అన్నదమ్ములు "ఆరు లక్షలు అడుగుతున్నరక్కా" అనగానే ఫోన్‌లో ఆ జాబితా తీసి ఏజెంటు పేరు వెతకమన్నాను. ఇద్దరూ కలిసి వెతికారు. లేదు.

భాష సంగతి. నైట్ డ్యూటీ దిగి పొద్దున తొమ్మిదింటికి క్లాసు. ఏ1, ఏ2, బీ1, బీ2 అని నాలుగు మెట్లు. నర్సుకు బీ2 కావాలి. ఏడాదిన్నర పట్టింది, బీ2లో వినే భాగం ఒకసారి ఫెయిలయ్యాను కూడా. అందరూ భయపెట్టే చోట నాకు భయం వేయలేదు, అదొక వింత. జర్మన్‌లో ఆడపిల్ల అనే మాట నపుంసక లింగం. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మనకు అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది, రెంటికీ క్రియ ఒకటే కదా. ఇంకొకటి, 'ఎందుకంటే' అని మొదలుపెడితే వాళ్ల క్రియ వాక్యం చివరకు పోతుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు దాంతో తంటాలు పడ్డారు. చివరిదాకా ఆగి క్రియ వినడం ధన్వాడ జెడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం చదివినదానికి పుట్టుకతో వచ్చిన విద్య.

కాగితాలు మాత్రం ఏడిపించాయి. నేను పుట్టింది 1996లో, మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014లో రాష్ట్రం మారింది. 2019లో నారాయణపేట జిల్లా వచ్చి ధన్వాడ అందులోకి పోయింది. ఊరు కదల్లేదు, నేను కదల్లేదు, కానీ టెన్త్ మెమోలో ఒక రాష్ట్రం, పాస్‌పోర్టులో ఇంకో రాష్ట్రం, ఆధార్‌లో ఇంకో జిల్లా. దాని మీద పేరు గొడవ. మెమోలో ఇంటిపేరు ఒట్టి పొడి అక్షరం, డిగ్రీలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక. ఈ ముగ్గురూ ఎవరని జర్మనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. నేనే నేనని స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ రాసిచ్చాను. నర్సింగ్ కాలేజీ నుంచి ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివానో, ఏ వార్డులో ఎన్ని గంటలు చేశానో రాసిన ట్రాన్‌స్క్రిప్ట్ కూడా కావాలి. దాని కోసం తిరిగిన తిరుగుళ్లు రాస్తే మళ్లీ కోపం వస్తుంది, వదిలేస్తున్నా. చదువుతున్న పిల్లలకు ఒక్క మాట: కాలేజీ విడిచే రోజే అది తీసి పెట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత ఆ రిజిస్టర్ ఎక్కడుందో అక్కడి క్లర్కుకే తెలియదు.

2023 అక్టోబర్‌లో దోహా మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాను. కురుమూర్తి జాతర ఇంకో నెల ఉంది. పుట్టి బుద్ధెరిగాక జాతరకు పోని ఏడాది అదే మొదటిది. అమ్మ సామానులో జొన్నపిండి, కారం, చింతపండు తొక్కు, డబ్బా నిండా నెయ్యి పెట్టింది. నెయ్యి తీసేశాను. బయటి దేశాల పాలవస్తువులు, మాంసం యూరప్‌లోకి సామానులో తేనివ్వరు. "నెయ్యి గూడ దొంగసొమ్మేనా?" అని అమ్మ అలిగింది. లైప్‌జిగ్‌లో రైలు మారి సాక్సనీ రాష్ట్రంలో కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో దిగేసరికి చీకటి, చలి. స్టేషన్‌లో ఆస్పత్రి నుంచి ఒకామె నా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడింది. ఆ పేరు కూడా తప్పే. ఇంటిపేరుతో పిలిచింది. నన్ను ఇంటిపేరుతో అదివరకు ఎవరూ పిలవలేదు. పిలుస్తున్నది నన్నేనని తెలియడానికి వారం పట్టింది.

మొదటి రెండు వారాలు ఆఫీసుల చుట్టూ. ఇల్లు చేరిన రెండు వారాల్లోపు మున్సిపాలిటీలో అడ్రసు నమోదు చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. అది ఉంటేనే బ్యాంకు, ఫోను, ట్యాక్స్ నంబరు. ఇవన్నీ ఆస్పత్రి ఆమె పక్కనుండి చేయించింది. కానీ ఒక్క విషయం చెప్పడం మరిచిపోయింది, ఎందుకంటే వాళ్లకది చెప్పాల్సిన విషయమే కాదు. అక్కడ ముఖ్యమైనదేదైనా పోస్టులో వస్తుంది. బ్యాంకు కార్డు, దాని పిన్ను, ట్యాక్స్ నంబరు, అన్నీ. పోస్టాయన ఇంటి నంబరు ఒక్కటే చూడడు, కింద డబ్బా మీద పేరు చూస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వచ్చిన దారినే పోతుంది. మన దగ్గర పోస్టాయనకు "భివండీ బాలయ్య బిడ్డ" అంటే చాలు. అక్కడ నా డబ్బా మీద అంతకుముందున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి పేరే ఉంది. నెల రోజులు నా ఉత్తరాలన్నీ వాపస్ పోతూనే ఉన్నాయి, నేనేమో ఇంకా రాలేదని చూస్తూనే ఉన్నాను. చివరికి పేరు అతికించాక మొదట వచ్చిన ఉత్తరం ఏమిటనుకున్నారు? టీవీ, రేడియో చందా. ఇంట్లో టీవీ ఉన్నా లేకున్నా ఇంటికి నెలకు 18.36 యూరోలు. నాకు టీవీ లేదు. కట్టాను.

ఇక పని. నేను రాయాలనుకున్నది అసలు ఇదే.

మన డిగ్రీని వాళ్లు నేరుగా ఒప్పుకోరు. గంటలు లెక్కేసి, ఇక్కడిక్కడ తక్కువ పడింది అని ఒక లెటర్ ఇస్తారు. ఆ లోటు పూడ్చాలంటే ఒక కోర్సు చేయాలి, లేదా కెన్‌ట్నిస్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష పాసవ్వాలి. అప్పటిదాకా నర్సు కాదు, సహాయకురాలు. ఇది కాంట్రాక్టులో రాసే ఉంది, చదివాను, సంతకం పెట్టాను. చదవడం వేరు, పొద్దున ఆరింటికి వార్డులో నిలబడటం వేరు.

హైదరాబాద్‌లో నేను ఐసీయూ సిస్టర్‌ని. వెంటిలేటర్ చూసుకున్నాను, నరంలోకి మందెక్కించే క్యాన్యులా పెట్టాను, డాక్టర్ వచ్చేలోపు సగం పని చేసిపెట్టాను. ఇక్కడ మొదటి రోజు నా చేతికి ఒక బకెట్టు, రెండు తువాళ్లు ఇచ్చారు. ముసలాయనకు ఒళ్లు తుడవాలి, పళ్లు కడగాలి, గడ్డం గీయాలి, బ్రెడ్డు మీద వెన్న రాసి పెట్టాలి, బాత్‌రూమ్‌కు తీసుకుపోవాలి. మన ఆస్పత్రుల్లో ఇవి ఆయాలు, వార్డు బాయ్‌లు, అంతకంటే ఎక్కువగా రోగి ఇంటివాళ్లు చేస్తారు. అక్కడ మంచం పక్కన ఇంటివాళ్లు ఉండరు. సాయంత్రం వచ్చి పూలిచ్చి పోతారు. అందుకే ఆ పని నర్సుదే. సహాయకురాలిదే కాదు, పాతికేళ్ల సర్వీసున్న నర్సు కూడా బకెట్టు పట్టుకుంటుంది. కానీ ఆమె ఆ తర్వాత మందులు కూడా ఇస్తుంది. నాకు మందుల ట్రాలీ ముట్టుకునే హక్కు లేదు.

రెండో వారంలో ఒక చిన్న డాక్టరు ఎనభై ఏళ్ల ఆవిడకు సూది పెట్టడానికి మూడుసార్లు పొడిచాడు. ఆ నరం నాకు తలుపు దగ్గర నుంచే కనబడుతోంది. అక్కడ క్యాన్యులా పెట్టడం డాక్టర్ల పని, నాకైతే ఆ హక్కు అసలే లేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఆ రాత్రి అమ్మతో ఫోన్‌లో పని బాగుందని చెప్పాను. ఒళ్లు కడుగుతున్నానని చెప్పలేదు. మూడు నెలల దాకా చెప్పలేదు. ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు, "గింత దూరం పోయి గీ పనా?" అంటారు. నిజం చెప్పాలంటే ఆ మాట మొదట అన్నది నేనే, నన్ను నేనే.

దానికి తోడు నోరు లేకపోవడం. బీ2 సర్టిఫికెట్ ఉంది కదా అనుకున్నాను. క్లాసులో నేర్చుకున్నది పుస్తకం భాష, ఇక్కడ వాళ్లు మాట్లాడేది సాక్సన్ యాస. మన పాలమూరు మాట విని కోస్తావాళ్లు ఎలా తెల్లబోతారో అలా తెల్లబోయాను. పోనీ ఇంగ్లిష్‌లో అడుగుదామంటే ముసలివాళ్లకు ఇంగ్లిష్ రాదు. ఆ ప్రాంతం 1990 దాకా తూర్పు జర్మనీ. బళ్లో వాళ్లు చదివింది రష్యన్.

ఆపరేషనైన ఒకాయనను నొప్పి ఉందా అని అడిగాను. "నూ" అన్నాడు. నో అన్నాడనుకుని నర్సుకు నొప్పి లేదని చెప్పాను. అరగంటకు పోతే మనిషి చెమటతో తడిసి, పళ్లు బిగబట్టి ఉన్నాడు. సాక్సనీలో 'నూ' అంటే అవును అని అర్థం. ఆ అరగంట ఆయన పడ్డ నొప్పి నా వల్ల. ఎవరూ తిట్టలేదు, నర్సు నవ్వి వివరించింది కూడా. కానీ ఆ నవ్వు కంటే తిట్టు నయమనిపించింది.

ఇంకోసారి, రేపు డ్రైఫియర్టెల్ జెక్స్‌కు రా అన్నారు. 'జెక్స్' అంటే ఆరు, 'డ్రైఫియర్టెల్' అంటే ముప్పావు. ఆరూ ముప్పావు అనుకుని 6:40కే పోయి నిలబడ్డాను. అందరూ ఒక గంట నుంచి పనిలో ఉన్నారు. అది 5:45 అట. ఆరో గంటలో ముప్పావు వంతు గడిచిందని వాళ్ల లెక్క. క్లాసులో టీచర్ "ఆరుకు పావు తక్కువ" అనే నేర్పింది, ఈ తూర్పు వైపు లెక్క చెప్పలేదు. జర్మనీలో గంట లేటు రావడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. వార్డు ఇన్‌చార్జ్ నన్నేమీ అనలేదు. గోడ గడియారం చూసింది, నన్ను చూసింది, పోయింది.

ఆ రోజు బస్సులో ఏడుస్తూ వస్తుంటే మా వీధి చివరి కిరాణా సాబ్ గుర్తొచ్చాడు. ఆయనను ఎప్పుడైనా టైమ్ అడిగితే "పౌనే ఛే" అనేవాడు. పావు తక్కువ ఆరు. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన టైమే కదా ఇది! ఇంటికొచ్చి అంకెలు కూడా అలా పెట్టి చూశాను. జర్మన్‌లో ఇరవై నాలుగును నాలుగూ-ఇరవై అంటారు, నలభై రెండును రెండూ-నలభై అంటారు. ఇరవై నాలుగు యూనిట్ల ఇన్సులిన్ అని వినాల్సిన చోట నలభై రెండని వింటే ప్రాణం మీదకు వస్తుంది. ఈ అంకెల దగ్గర మలయాళీ పిల్లలకూ నాకూ ఒకటే వణుకు. తెలుగులో పదులు ముందు. మరి చౌబీస్? నాలుగు ముందు, ఇరవై వెనక. బయాలీస్? రెండు ముందు. ఆ రోజు నుంచి జర్మన్ అంకె చెవిన పడితే తెలుగులోకి తిప్పడం మానేశాను. ఉర్దూలోకి తిప్పుతాను. మహబూబ్‌నగర్ బస్టాండులో పల్లీలు బేరమాడిన ఉర్దూ నన్ను జర్మనీలో కాపాడుతుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్నా?

చేదు కూడా రాయాలి. ఒకాయన నన్ను చూసి, నల్లామె నన్ను ముట్టుకోవద్దు, మన మనిషిని పంపండి అన్నాడు. ఆ మాట మాత్రం ఒక్క పొల్లు పోకుండా అర్థమైంది. నాతో ఉన్న నర్సు, ఆమెకు అరవై దగ్గర ఉంటాయి, "ఇవాళ ఈ వార్డులో మన మనిషి ఈమే. వద్దంటే సాయంత్రం షిఫ్ట్ దాకా ఆగండి" అని తలుపు వేసి బయటకు వచ్చింది. గంటకు ఆయనే బెల్లు కొట్టాడు. నేను పోలేదు, ఆమే పోయింది. అందరూ ఆమెలాగా ఉంటారని చెప్పను. ఊళ్లో రాత్రిపూట ఒంటరిగా బస్టాప్‌లో నిలబడటానికి నేను ఇప్పటికీ వెనకాడతాను.

నవంబర్ నుంచి సాయంత్రం నాలుగున్నరకే చీకటి. డ్యూటీకి పోయేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు చీకటి. గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా అవుతుంది. నేను ఇల్లు చేరి అన్నం వండుకునేసరికి ఇక్కడ అమ్మావాళ్లు నిద్రలో. ఆదివారం దుకాణాలు మూసి, వీధిలో మనిషి అలికిడి ఉండదు. ఆ కొండల్లో ఒకప్పుడు గనులుండేవి. చలికాలం కార్మికులు వెలుగు చూడకుండానే దిగి వెలుగు చూడకుండానే పైకొచ్చేవాళ్లట. క్రిస్మస్‌కు ముందు అక్కడ ప్రతి కిటికీలో విల్లులాంటి చెక్క ఆర్చి మీద వరసగా దీపాలు పెడతారు. డ్యూటీ దిగి నడుస్తుంటే రెండు పక్కలా ఒక్క కిటికీ చీకటిగా ఉండదు, నాది తప్ప. మూడో రోజు పై ఇంటావిడ తలుపు కొట్టి ఒక పాతది నా చేతిలో పెట్టింది. నా కిటికీ చీకటిగా ఉంటే వీధి బాగోలేదట. అది ప్రేమో, క్రమశిక్షణో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సెలవు రోజుల్లో గంట దూరంలోని కెమ్నిట్జ్‌కు పోయేదాన్ని. అక్కడ ఇండియన్ షాపులో సోనామసూరి దొరుకుతుంది. ఊరి నడుమ ఏడు మీటర్ల కార్ల్ మార్క్స్ తల ఉంటుంది, ఒట్టి తల. 1953 నుంచి 1990 దాకా ఆ ఊరికి ఆయన పేరే. ఫోటో తీసి సూర్యాపేటలో ఉన్న మా పెద్దనాయినకు పంపాను. జీవితమంతా ఎర్రజెండా మోసిన మనిషి. వెంటనే ఫోన్ చేసి, "బిడ్డా, తలకాయ ఒక్కటే ఉన్నదేంది, మిగతాది ఏడ బెట్టిండ్రు?" అన్నాడు. ఆ నెలలో నేను గట్టిగా నవ్వింది అప్పుడే.

జనవరిలో ఒక పొద్దున ఒకావిడ కాళ్లు తుడుస్తుంటే మడమ మీద ఎర్రగా కనబడింది. వేలితో నొక్కి వదిలాను. మామూలు ఎరుపైతే నొక్కిన చోట తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. ఇది తెల్లబడలేదు. కదలక పడుకున్నవాళ్లకు వచ్చే పుండు, అంటే బెడ్‌సోర్, దాని మొదటి మెట్టు. పోయి నర్సుకు చెప్పాను, పూర్తి వాక్యంలో, క్రియ చివర పెట్టి. ఆమె వచ్చి చూసి మడమ పరుపుకు తగలకుండా పిక్క కింద మెత్త పెట్టించి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని చార్టులో రాసింది. నివేదించినవారు అన్న చోట నా పేరు వేసింది. తువాలు చేతిలో ఉన్న మనిషి తప్ప ఇంకెవరూ ఆ మడమను ఆ రోజు చూసి ఉండేవారు కాదు. ఐసీయూలో నేను మానిటర్లు చూశాను. మడమలు ఆయా చూసేది, చూసినా ఆమెను ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేనూ అడగలేదు. హైదరాబాద్‌లో మా వార్డు ఆయమ్మ పేరు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. ఆయమ్మా అని తప్ప పిలిస్తే కదా.

ఆ వారమే ఇంటికి ఫోన్ చేసి ఏం పని చేస్తున్నానో చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. నాయిన ఫోన్ తీసుకుని, "నేను భివండీల మొదటి ఏడు సిమెంటు మోయలే, మేస్త్రీ బట్టలుతికిన. నీకెప్పుడన్న చెప్పిన్నా?" అన్నాడు. చెప్పలేదు.

పైసల లెక్క అందరూ అడుగుతారు కాబట్టి చెప్తాను. సహాయకురాలిగా కాగితం మీద 2,650 యూరోలు. పింఛను, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, ట్యాక్సు పోగా చేతికి 1,800 చిల్లర. ఇంటి కిరాయి హీటింగ్‌తో కలిపి 380. కిరాయి చెప్పేటప్పుడు హీటింగ్ కలపనిది చల్ల కిరాయి, కలిపినది వెచ్చ కిరాయి అని రెండుంటాయి. ప్రకటనలో చల్లది చూసి సంబరపడొద్దు. తిండి, బస్సు పోగా 700 ఇంటికి పంపాను. నాయిన తెచ్చిన అప్పు మిత్తితో సహా తీరింది. కాంట్రాక్టులో ఒక షరతు ఉంది, రెండేళ్ల లోపు ఆస్పత్రి వదిలితే వాళ్లు పెట్టిన ఖర్చులో కొంత వాపస్ కట్టాలి. అది చదివినప్పుడు తాత మేస్త్రీ గుర్తొచ్చాడు. కాకపోతే ఇక్కడ ఎంత కట్టాలో, ఎప్పటికి తీరుతుందో అంకెల్లో రాసుంది, ఒక కాపీ నా దగ్గరుంది.

పరీక్ష 2024 సెప్టెంబర్‌లో. అంతకుముందు నాలుగు నెలలు ట్రైనింగ్. ముందు రోజు రోగిని ఇచ్చి రాత్రికి ప్లాన్ రాసుకోమంటారు, తెల్లారి పరీక్షకుల ముందు ఆ రోగికి అన్నీ చేయాలి, ఎందుకు చేస్తున్నావో చెప్పాలి. ఇంకోరోజు నోటి పరీక్ష. ఫెయిలైతే ఇంకొక్క అవకాశమే. నాకు వచ్చినది షుగరున్న, కాలు ఆపరేషనైన ఒకాయన. రోగిని నేను తుడుస్తుంటే పరీక్షకురాలు ఇప్పుడేం చూస్తున్నావు అని అడిగింది. చర్మం, ఊపిరి, కాలి వాపు, ఆయన ముఖం అన్నాను. ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు అంది. కాగితం చూడకుండా చెప్పమంది. మనసులో అఠారా, నోట్లో జర్మన్ పద్దెనిమిది. ఎనిమిది ముందు, పది వెనక. సరిగ్గానే వచ్చింది.

సర్టిఫికెట్ మూడు వారాలకు పోస్టులో వచ్చింది. డబ్బా మీద పేరు ఉంది కాబట్టి వచ్చింది. జీతం కాగితం మీద 3,400కు పెరిగింది, చేతికి 2,250 దాకా. వీసా మారింది. ఇలా నర్సుగా మూడేళ్లు చేస్తే అక్కడే ఉండిపోవడానికి అనుమతి అడగొచ్చు. నాయిన దాని గురించి అడగడు, "ఈ మిరుగుకు వస్తవా?" అని మాత్రం అడుగుతాడు. మందుల ట్రాలీ తోసిన మొదటి రోజు, ముసలివాళ్లు నన్ను పిలిచిన పేరు మాత్రం మారలేదు. బకెట్టు పట్టుకున్నప్పుడూ వాళ్లు 'ష్వెస్టర్' అనే పిలిచారు. అంటే సిస్టర్. జీతం కాగితం చదివింది నేనొక్కదాన్నే.

నిన్న రాత్రి పన్నెండు దాటాక ఫోన్ మోగింది. వనపర్తి పిల్ల, పోయిన వారమే మా వార్డుకు వచ్చింది, సోమవారం మొదటి డ్యూటీ. ఆమె డబ్బా మీద పేరు నేనే ఫోన్ చేసి అతికించమని చెప్పాను. వాట్సాప్‌లో పెట్టింది: "అక్కా, డ్రైఫియర్టెల్ జెక్స్‌కు రమ్మన్నరు. 6:45 అంతేనా?"

లేచి కూర్చుని, అద్దాలు వెతుక్కుని రాశాను: "పౌనే ఛే. ఐదున్నరకే ఉండు."